పెద్ద పిచ్ పెడితే స్పీడు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: అన్నా, నమస్తే. మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన అక్టోబర్‌లో ఒక 19 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే ఫ్యామిలీ బోటు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వెనక మెర్క్యురీ 115 ఫోర్‌స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఉంది. దాంతో వచ్చిన అల్యూమినియం ప్రొపెల్లర్ మీద 13.25, 17 అని అంకెలున్నాయి. దాంతో ఫుల్ థ్రాటిల్‌లో 5300 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు), 35 మైళ్ళు వచ్చేది. మా ఫ్రెండ్ బోటు కూడా 19 అడుగులే, చేపలు పట్టే బాస్ బోటు, ఇంజిన్ 150. అది హాయిగా 50 దాటుతుంది, దాని ప్రొపెల్లర్ 21 పిచ్. షాపులో అడిగితే "పిచ్ ఎంత ఎక్కువైతే అంత స్పీడ్" అన్నారు, నేనూ 21 కొనేశాను. ఇప్పుడు 33 దాటడం లేదు. ఆర్పీఎం 4400 దగ్గర ఆగిపోతోంది, ఇంజిన్ మూలుగుతోంది. పిల్లల్ని ట్యూబ్ మీద లాగుదామంటే బోటు ముక్కు ఆకాశంలోకి లేచి అలాగే ఉండిపోతోంది. తప్పెక్కడ జరిగింది? 50 రావాలంటే ఏ ప్రొపెల్లర్ కొనాలి?

సమాధానం:

తమ్ముడూ, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది నీకు. ముందు ఆ 21 తీసి పక్కన పెట్టి పాత 17 మళ్ళీ బిగించు, ఈ శనివారమే చెయ్, దాంతో ఇంకో ట్రిప్పు తిప్పకు, ఎందుకో కింద చెప్తాను. రెండో ప్రశ్నకి జవాబు ఇప్పుడే చెప్పేస్తా: 50 రాదు. ఏ ప్రొపెల్లర్ పెట్టినా, ఎంత పెట్టి కొన్నా ఆ బోటుకి ఆ ఇంజిన్‌తో 50 రాదు. 37, 38 వరకూ లాగొచ్చు, అందులో సగం పైసా ఖర్చు లేకుండా వచ్చేదే.

ముందు ఆ అంకెల సంగతి. 13.25 అంటే ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు రెక్కల చివర్లు గీసే వలయం అడ్డకొలత, అంగుళాల్లో. దాన్ని నువ్వు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఆ రకం ప్రొపెల్లర్లలో పిచ్ పెరిగేకొద్దీ అడ్డకొలత వాళ్ళే తగ్గిస్తూ వస్తారు, నీ 21 తిప్పి చూస్తే 12.75 అని ఉంటుంది చూడు. రెండో అంకె పిచ్. చెక్కలోకి స్క్రూ దిగుతుంది కదా, ఒక్క చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో అది దాని పిచ్. 17 పిచ్ అంటే నీళ్ళు చెక్కలా గట్టిగా ఉంటే ఒక్క చుట్టుకి 17 అంగుళాలు ముందుకు పోవాలి అని. నీళ్ళు చెక్క కాదు కాబట్టి కొంత జారుతుంది, దాన్నే స్లిప్ అంటారు.

షాపువాళ్ళు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, సగం నిజం. ఒక్క చుట్టుకి 17 బదులు 21 అంగుళాలు పోతే స్పీడు పెరగాలి కదా అనిపిస్తుంది. పెరుగుతుంది, ఇంజిన్ అన్నే చుట్లు తిప్పగలిగితే! అరకు ఘాట్ రోడ్డులో నిండు లోడుతో బండిని టాప్ గేర్‌లో ఎక్కించడానికి చూశావా ఎప్పుడైనా? యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా బండి టకటకా కొట్టుకుంటూ నడక స్పీడుకి వస్తుంది. నీ 21 పిచ్ ఆ టాప్ గేర్. బోటుకి ఇంకో చిక్కు ఏంటంటే దానికి గేర్లు మార్చుకునే వీల్లేదు, ప్రొపెల్లరే గేరు, ఒక్కటే గేరు, రేవులో బయల్దేరేటప్పుడూ అదే, ఫుల్ థ్రాటిల్‌లోనూ అదే.

లెక్క చూపిస్తా, నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివే అయ్యుంటావు కాబట్టి లెక్కైతే నమ్ముతావు. ఆర్పీఎంని గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె) భాగించు, పిచ్‌తో గుణించు, 1056తో భాగించు, గంటకి మైళ్ళు వస్తాయి (63,360 అంగుళాలు ఒక మైలు, గంటకి 60 నిమిషాలు, అక్కడి నుంచి వచ్చిందే ఆ 1056). నీ 115కి మామూలు గేర్‌కేస్ (ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్లుండే కింది డబ్బా) అయితే రేషియో 2.07, కమాండ్ థ్రస్ట్ అని రాసి ఉంటే 2.38, ఒకసారి చూసుకో. 2.07 అనుకుందాం. పాత 17తో 5300 దగ్గర కాగితం మీద 41.2 రావాలి, నీకు వచ్చింది 35, అంటే స్లిప్ 15 శాతం, ఇలాంటి ఫ్యామిలీ బోటుకి అది మామూలే. కొత్త 21తో 4400 దగ్గర కాగితం మీద 42.3, వచ్చింది 33, స్లిప్ 22 శాతం. చూశావా, పిచ్ నాలుగంగుళాలు పెంచితే కాగితం మీద కూడా దక్కింది ఒక్క మైలు, ఎందుకంటే ఇంజిన్ 900 చుట్లు పోగొట్టుకుంది, పైగా నీళ్ళలో జారుడు పెరిగి ఆ ఒక్కటీ పోయి ఇంకో రెండు పోయాయి. 115 గుర్రాలని (హార్స్‌పవర్) డబ్బా మీద రాసి ఉన్నది పై ఆర్పీఎంలో వచ్చే శక్తి, 4400లో నీకు అన్ని గుర్రాలు లేవు. శక్తి తగ్గించుకుని స్పీడు పెంచుకుందామని చూశావన్నమాట.

ఇక ఫ్రెండ్ బోటు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం అంటే ఇదే, కోపం తెచ్చుకోకు. పొడుగు ఒకటే కానీ బాస్ బోటు పల్చగా, నీళ్ళకి అంటుకుని ఉంటుంది, గాలికి అడ్డం తక్కువ, నీ బౌరైడర్‌కి ఎత్తైన గోడలు, ముందు సీట్లు, అద్దం, పైన గుడ్డ టాపు. అతనికి నీకంటే 35 గుర్రాలు ఎక్కువ, గేర్ రేషియో కూడా వేరు. అతని 21 అతని బోటుకి సరిపోయింది, అంతే.

50కి ఎంత కావాలో మోటుగా చెప్తాను. ఇలా నీళ్ళ మీదకి లేచి పరిగెత్తే బోట్లలో, బరువు మారకపోతే, స్పీడు పెరిగేది గుర్రాల వర్గమూలం లెక్కన. 35 నుంచి 50 అంటే 1.43 రెట్లు, దాని వర్గం 2.04. అంటే నీ 115కి రెట్టింపు, 230 చిల్లర గుర్రాలు కావాలి, పెద్ద ఇంజిన్ బరువు కలిపితే ఇంకా ఎక్కువే. డ్రైవర్ సీటు దగ్గర చిన్న కెపాసిటీ ప్లేటు ఉంటుంది, 20 అడుగుల లోపు బోట్లకి అమెరికాలో తప్పనిసరి, అందులో ఎన్ని గుర్రాల వరకూ పెట్టొచ్చో రాసి ఉంటుంది, ఓసారి వంగి చదువు. నీ సైజు బౌరైడర్‌కి అంత ఒప్పుకోదని నా అంచనా. కాబట్టి 50 ఆశ ఇక్కడితో వదిలెయ్, మిగతాది మాట్లాడుకుందాం.

సరే, ఏ ప్రొపెల్లర్ సరైనదో తేల్చేది ఏంటి? స్పీడు కాదు, ఆర్పీఎం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రతి ఇంజిన్‌కీ ఫుల్ థ్రాటిల్‌లో ఎంత నుంచి ఎంత మధ్య తిరగాలో కంపెనీ రాసి ఉంటుంది, నీ 115కి 5000 నుంచి 6000 (నీది ప్రో ఎక్స్‌ఎస్ అని రాసి ఉన్న రకమైతే 5300 నుంచి 6300, మాన్యువల్‌లో సరిచూసుకో). థ్రాటిల్ మొత్తం తోసి, ట్రిమ్ (ఇంజిన్‌ని లోపలికీ పైకీ వంచే స్విచ్, కింద చెప్తాను) సరిగ్గా పెట్టినప్పుడు ముల్లు ఆ గీతల మధ్య, అదీ పై సగంలో ఉండాలి. దిగువన ఆగిపోతే పిచ్ ఎక్కువైంది, దాటిపోయి, అతిగా తిరగకుండా ఇంజిన్‌ని ఆపే లిమిటర్ కొట్టుకుంటుంటే తక్కువైంది. మోటు లెక్క ఏంటంటే ఒక్క అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది, పెంచితే అంతే తగ్గుతుంది. నువ్వు నాలుగు పెంచావు, 900 తగ్గింది, లెక్క దాదాపు సరిపోయింది చూడు.

ఆ 21తో తిప్పొద్దని అందుకే చెప్పా. 5000 దాటాల్సిన ఇంజిన్‌ని 4400 దగ్గర ఫుల్ థ్రాటిల్‌తో నొక్కి పెడితే లోపల వేడి, ఒత్తిడి పెరుగుతాయి, పిస్టన్ల మీద పడుతుంది. నీకు వినపడే ఆ మూలుగు అదే. మా చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళేవాళ్ళం, సరంగు ఎవరితోనో కబుర్లాడుతూనే ఉండేవాడు, ఇంజిన్ శబ్దం ఒక్క పిసరు బరువెక్కితే మాట మధ్యలో ఆపేసి వెనక్కి తిరిగేవాడు, గుర్రపు డెక్క చుట్టుకుందనో ఇసుక మేట తగిలిందనో చెప్పేసేవాడు. ఆయనకి టాకోమీటర్ లేదు, చెవే మీటరు. నీ చెవికి కూడా తెలిసింది, నువ్వు నమ్మలేదు, అంతే తేడా.

17 మళ్ళీ పెట్టాక వెంటనే ఇంకోటి కొనకు. ముందు ఉచితంగా దొరికే మైళ్ళు ఏరుకో.

మొదటిది బరువు. పాత ఓనర్ల సామాన్లు, రెండో యాంకరు, తడిసిన లైఫ్ జాకెట్లు, ఐస్ పెట్టె, పిల్లల వాటర్ స్కీలు, అన్నీ ఒకసారి డ్రైవ్‌వేలో దించి చూడు, గుట్ట చూసి నువ్వే భయపడతావు. పెట్రోలు గ్యాలన్‌కి ఆరు పౌండ్లు, నీళ్ళు ఎనిమిది పౌండ్ల పైచిలుకు. టెస్టుకి సగం ట్యాంకు చాలు. అడుగున డ్రెయిన్ ప్లగ్ తీసి బోటు ముక్కు పైకి ఉండేలా ట్రైలర్‌ని నిలబెట్టు, ఎన్ని నీళ్ళు వస్తాయో చూడు. రోజంతా కారుతూనే ఉంటే ఆ బోటుకి వేరే సమస్య ఉందన్నమాట, ప్రొపెల్లర్ గొడవ కాదు.

రెండోది బోటు అడుగు. ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుంటావా, మెరీనాలో నీళ్ళలోనే ఉంచుతావా, నువ్వు రాయలేదు. నీళ్ళలోనే ఉంచితే అడుగున నాచు పట్టి, ఈ చుట్టుపక్కల చెరువుల్లో జీబ్రా మసెల్స్ అనే చిన్న గుల్లలు కూడా అంటుకుని (టెక్సాస్‌లో మొదట 2009లో టెక్సోమా సరస్సులో దొరికాయి, తర్వాత కిందికి పాకాయి) గరుకుగా తయారవుతుంది. చేత్తో తడిమి చూడు, గచ్చులా తగిలితే రెండు మూడు మైళ్ళు అక్కడే పోతున్నాయి. ఇంకో చెరువుకి తీసుకెళ్ళే ముందు నీళ్ళన్నీ ఒంపేసి ఆరబెట్టు, నీళ్ళు ఒంపెయ్యడం ఇక్కడ చట్టం కూడా, అది మర్చిపోకు.

మూడోది ట్రిమ్. కొత్తగా బోటు కొన్న మనవాళ్ళలో సగం మంది ఆ స్విచ్‌ని రేవులో ఇంజిన్ పైకి లేపడానికే అనుకుంటారు, నేనూ మొదటి ఏడాది అలాగే నడిపాను, సిగ్గు లేకుండా చెప్తున్నా. బయల్దేరేటప్పుడు ఇంజిన్ మొత్తం లోపలికి దించి ఉంచు, ముక్కు త్వరగా కిందికి వస్తుంది. బోటు లేచి పరిగెత్తడం మొదలయ్యాక థ్రాటిల్ కదపకుండా స్విచ్‌ని చిన్న చిన్నగా పైకి నొక్కుతూ పో. ముక్కు కొంచెం లేస్తుంది, స్టీరింగ్ తేలికవుతుంది, పక్కన లేచే నీళ్ళ తెర వెనక్కి జరుగుతుంది, ఆర్పీఎం దానంతటదే ఎక్కుతుంది. బోటు అడుగు నీళ్ళకి తగిలే భాగం తగ్గింది కాబట్టి స్పీడు పెరుగుతుంది. ఇంకా పైకి నొక్కితే బోటు గుర్రం ఎగిరినట్టు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, లేదా ఆర్పీఎం ఒక్కసారిగా లేచి స్పీడు పడిపోతుంది. అక్కడి నుంచి ఒక్క పిసరు కిందికి తెచ్చుకో, అదే నీ చోటు. 35 అన్నది ట్రిమ్ చేసి చూసిన అంకేనా, చెయ్యకుండానా? చెయ్యకుండా అయితే 36, 37 నీ జేబులో ఇప్పటికే ఉన్నాయి.

ఆర్పీఎం అలా ఉత్తినే లేవడాన్ని అందరూ కావిటేషన్ అనేస్తారు, చాలాసార్లు అది కాదు. పైనుంచి గాలో, ఇంజిన్ పొగో రెక్కల్లోకి వచ్చి పట్టు తప్పడం వెంటిలేషన్. కావిటేషన్ అంటే రెక్క వెనక ఒత్తిడి బాగా పడిపోయి నీళ్ళే ఆవిరి బుడగలవడం, అవి పేలి పేలి లోహాన్ని కొరుకుతాయి, రెక్క మీద చీమలు కొరికినట్టు గుంటలుంటే అది. ఇంకో మూడో రకం కూడా ఉంది: ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు బుష్ అరిగిపోతే ఇంజిన్ తిరుగుతుంది, రెక్కలు సరిగ్గా తిరగవు. మార్కర్‌తో మధ్య గొట్టం మీదా చుట్టూ ఉన్న లోహం మీదా కలిపి ఒకే గీత గీసి తిప్పి రా. గీత విడిపోయి ఉంటే బుష్ పోయినట్టే.

నాలుగోది ఇంజిన్ ఎత్తు, నాకు బాగా ఇష్టమైన విషయం, ఎవరూ పట్టించుకోరు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక రేకు లాంటి ప్లేటు ఉంటుంది చూశావా? ఇంజిన్ నిటారుగా పెట్టి, బోటు అడుగుకి ఒక పొడవాటి బద్ద ఆనించి వెనక్కి పట్టుకుని చూడు. ఆ ప్లేటు బద్ద కంటే కిందుంటే ఇంజిన్ అవసరానికి మించి మునిగి ఉంది, అంత లోహాన్ని నీళ్ళలో ఈడ్చుకుపోతున్నావు. ఇంజిన్ బిగించే బోల్టులకి వరసగా రంధ్రాలుంటాయి, ఒక్కోటి ముప్పావు అంగుళం. ఒక రంధ్రం పైకి లేపితే వంద, నూట యాభై ఆర్పీఎం, ఒక మైలు పెరగడం నేను కళ్ళారా చూసిందే. అయితే ఇంజిన్ మూడున్నర వందల పౌండ్ల పైన, ఇది నువ్వూ మీ బావమరిదీ కలిసి గరాజ్‌లో చేసే పని కాదు, హాయిస్టు ఉన్న చోట చేయించు. లేపాక మలుపుల్లో పట్టు తప్పుతోందా, వెనక చిన్న గొట్టంలోంచి చల్లబరిచే నీళ్ళు సరిగ్గా చిమ్ముతున్నాయా చూసుకో. నీళ్ళు సన్నబడితే వెంటనే కిందికి దించు.

ఇవన్నీ అయ్యాక 17తో మళ్ళీ పరిగెత్తించు. ఎలా అంటే, ఎప్పుడూ తీసుకెళ్ళేంత మందితో, సగం ట్యాంకుతో, టాపు మడిచేసి, పొద్దున్నే జనం లేనప్పుడు. స్పీడు ఫోన్ జీపీఎస్‌లో చూడు, బోటులో ఉన్న మీటరు నీటి ఒత్తిడితో నడిచే రకమైతే దాన్ని నమ్మకు, దానికి ఆశావాదం ఎక్కువ. ఒకసారి గాలికి ఎదురుగా, ఒకసారి గాలి వాలుకి, రెండూ కలిపి సగటు తీసుకో. అద్దంలా ఉన్న నీళ్ళ కంటే సన్నని అలలున్న నీళ్ళ మీదే బోటు కొంచెం వదులుగా పరిగెడుతుంది, ఆశ్చర్యపోకు. అలాగే మార్చి చలిలో 5700 తిరిగిన ఇంజిన్ ఆగస్టు ఎండలో వందో రెండొందలో తక్కువ తిరగొచ్చు, వేడి గాలిలో బలం తక్కువ. టాకోమీటర్ వెనక చిన్న సెలెక్టర్ తప్పు అంకె మీద ఉంటే అది చూపించేదంతా అబద్ధమే, ఒకసారి మెకానిక్ దగ్గర స్కానర్‌తో పోల్చి చూపించుకో. ఫుల్ థ్రాటిల్ టెస్టులో కిల్ స్విచ్ (నువ్వు సీటు నుంచి పడిపోతే ఇంజిన్ ఆపేసేది) తాడు నడుముకి ఉండాల్సిందే, 2021 ఏప్రిల్ నుంచి ఇలాంటి చిన్న బోట్లకి అది ఫెడరల్ రూలు కూడా.

నా అంచనా, ఇవన్నీ చేస్తే నీ 17 అల్యూమినియంతో 5500 దగ్గర, 36 పైచిలుకు వస్తుంది. అప్పుడు కొత్తది కొనడం గురించి ఆలోచించు. ఇక్కడ నీకు తలకిందులుగా అనిపించే మాట చెప్తాను: పిచ్ పెంచకు, ఒక అంగుళం తగ్గించి మంచి లోహంలో కొను. 16 పిచ్, మూడు రెక్కలు, స్టెయిన్‌లెస్ స్టీలు. అల్యూమినియం రెక్కలు మందంగా ఉంటాయి, గట్టిగా తిప్పితే వంగుతాయి, వంగితే పిచ్ మారినట్టే. స్టీలు గట్టిది కాబట్టి రెక్క పల్చగా చెయ్యొచ్చు, నీళ్ళు కోసుకుంటూ పోతుంది. పైగా స్టీలు వాటికి రెక్క వెనక అంచుని చెంచాలా కొంచెం లోపలికి వంచుతారు, దాన్ని కప్ అంటారు, జారుడు తగ్గిస్తుంది, కానీ అర నుంచి ఒక అంగుళం పిచ్ పెంచినంత పని చేసి ఆర్పీఎం కూడా కొంచెం తింటుంది. అందుకే 17కి బదులు 17 కాకుండా 16 అన్నాను. 5700 తిరిగి స్లిప్ 10 శాతానికి వస్తే లెక్క ప్రకారం 37 దాటి 38 దగ్గరికి వెళ్తావు. రేక్ అనే మాట కూడా వింటావు, రెక్కలు వెనక్కి వాలిన కోణం, ఎక్కువైతే ముక్కుని లేపుతుంది, నీకు మధ్యరకం చాలు.

నాలుగు రెక్కలది ఇమ్మంటావా అని అడుగుతారు షాపులో. నువ్వు నిజంగా వారం వారం పిల్లల్ని ట్యూబ్ లాగడానికే వాడుతుంటే అది మంచి ఆలోచనే, త్వరగా లేస్తుంది, మలుపుల్లో పట్టు వదలదు, తక్కువ స్పీడులోనూ మునగకుండా పరిగెడుతుంది. టాప్ స్పీడు ఒక మైలు అటూ ఇటూ పోతుంది. నన్నడిగితే ఆ ఒక్క మైలు నీకూ మీ ఫ్రెండ్‌కీ తప్ప ఎవరికీ అక్కర్లేదు, పిల్లలకి ట్యూబ్ కావాలి. కానీ నువ్వడిగింది స్పీడు, కాబట్టి మూడు రెక్కలే అంటున్నా.

రెక్క ఎక్కువుంటే స్పీడెక్కువ అని మొదట్లో అందరూ అనుకున్నదే. 1836లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు ప్రొపెల్లర్‌కి పేటెంట్ తీసుకున్నాడు, చెక్కతో చేసిన పొడవాటి మరస్క్రూ, రెండు పూర్తి చుట్లు. మరుసటి ఏడు లండన్‌లో ప్యాడింగ్టన్ కాలువలో నడిపిస్తుంటే దేనికో తగిలి అది సగం విరిగి పడిపోయింది. పని చెడిందనుకుంటే బోటు ఇంకా స్పీడుగా పరిగెత్తింది! సగం విరిగిపోయాక బోటు వేగం పెరగడం చూసి ఆయన ఒక్క చుట్టు స్క్రూకి మారిపోయాడు. నీ కేసూ అలాంటిదే, కాకపోతే విరిగింది నీ జేబు.

కొనే ముందు రెండు మాటలు. వీలైతే ట్రయల్ ఇచ్చే చోట కొను, గీత పడకుండా తెస్తే మార్చుకోనిచ్చే షాపులు ఉన్నాయి, ముందే అడుగు. స్టీలుది అల్యూమినియం కంటే మూడు నాలుగు రెట్లు రేటు ఉంటుంది, రెండు మైళ్ళకి అంత అవసరమా అని మీ ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. రే రాబర్ట్స్, లేక్ ఫోర్క్ లాంటి మునిగిన చెట్ల మొద్దులున్న చెరువులకి వెళ్తే మాత్రం పాత 17 పెట్టుకుని వెళ్ళు. మొద్దుకి తగిలితే అల్యూమినియం రెక్క విరిగి ఊరుకుంటుంది, స్టీలు రెక్క విరగదు, ఆ దెబ్బ లోపల షాఫ్టుకీ గేర్లకీ పోయే ప్రమాదం ఎక్కువ, అక్కడ బిల్లు ప్రొపెల్లర్ బిల్లులా ఉండదు.

మార్చడం నువ్వే చెయ్యొచ్చు, పది నిమిషాల పని, తొందర లేకపోతే. నేను మొదటిసారి లూయిస్‌విల్ సరస్సు ర్యాంపు మీద, వెనక ముగ్గురు ట్రక్కులతో హారన్లు కొడుతుంటే మార్చాను. తాళం తీశా, గేరు న్యూట్రల్‌లో పెట్టా, ప్రొపెల్లర్ తిరగకుండా రెక్కకీ పై ప్లేటుకీ మధ్య చెక్క ముక్క ఇరికించా, అంతవరకూ పుస్తకంలో ఉన్నట్టే. నట్టు వదిలి ప్రొపెల్లర్ లాగితే దాని వెనకే షాఫ్టు మీద నుంచి ఇత్తడి రంగు ఉంగరం లాంటి ముక్క జారి టప్పుమని నీళ్ళలో పడింది. అది ఏంటో తెలియదు, చిన్న ముక్కే కదా అని కొత్త ప్రొపెల్లర్ ఎక్కించి బిగించేశా. ఇంజిన్ పెట్టగానే కరకరమని శబ్దం. అది థ్రస్ట్ వాషర్, ప్రొపెల్లర్ నెట్టే బలమంతా షాఫ్టుకి అందేది దాని మీదుగానే, అది లేకపోతే ప్రొపెల్లర్ ముందుకి జరిగి గేర్‌కేస్‌ని రాసుకుంటుంది. ఆ రోజు చొక్కా విప్పి మోకాలి లోతు బురదలో అరగంట వెతికా, దొరకలేదు, ఇంటికొచ్చాం. కాబట్టి ఇంట్లో, పొడి నేల మీద, కింద పాత దుప్పటి పరిచి మార్చు. తీసిన ప్రతి ముక్కా తీసిన వరసలో దుప్పటి మీద పెట్టి ఫోటో తీసుకో.

ప్రొపెల్లర్ తీసినప్పుడు షాఫ్టు మొదట్లో చూడు, చేపల గాలం దారం చుట్టుకుని ఉంటుంది చాలాసార్లు, అది సీలు కోసేసి గేర్ ఆయిల్లోకి నీళ్ళు పంపిస్తుంది. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే బోటు నీళ్ళలో దించకు. షాఫ్టు పళ్ళకి మెరైన్ గ్రీజు పూయి, నట్టుని టార్క్ రెంచితో 55 ఫుట్-పౌండ్లకి బిగించు, ట్యాబ్ వాషర్ చెవులు వంచు. మొదటి ట్రిప్పు అయ్యాక ఒకసారి మళ్ళీ బిగింపు చూడు.

ట్రిమ్ చేసి 17తో వచ్చిన ఆర్పీఎం, జీపీఎస్ స్పీడు, బోటులో ఎంతమంది ఉన్నారు, ఆ ప్లేటు బద్దకి పైనుందా కిందుందా, ఇవి నాలుగూ రాసి పంపు, 16 కొనాలో 15 చాలునో అప్పుడు కచ్చితంగా చెప్తాను. ఆ 21ని మీ ఫ్రెండ్‌కి స్పేర్ కింద అంటగట్టాలని చూడకు, అతని 150కి గేర్‌కేసే పెద్దది, అది దానికి పట్టదు. ఎక్కువ వాడి ఉండవు కదా, బిల్లు పట్టుకుని ఆ షాపుకే వెళ్ళి చూడు.